అడవిలో దిగిన పైలట్‌కు ఆకలి ఆఖరి శత్రువు

ఏర్పేడు నుంచి ఒక తల్లి వ్రాసిన ఉత్తరానికి ఈ వారం జవాబు చెబుతున్నాను. పేరు ప్రకటించవద్దని ఆమె కోరారు. ఉత్తరం సారాంశం ఇది:

"మా అమ్మాయి దుండిగల్ వైమానిక దళ అకాడమీలో శిక్షణ పూర్తి చేసి హెలికాప్టర్ పైలట్ అయింది. ఇప్పుడు సెలవు మీద ఇంటికి వచ్చింది. తిరిగి వెళ్ళాక అడవిలోను, మంచులోను ప్రాణాలు కాపాడుకోవడం నేర్పే శిక్షణకు పంపుతారట. అక్కడ అన్నం నీళ్ళు ఉండవని, పాములు పురుగులు తినాలని, శత్రువుకు చిక్కినట్టు కట్టేసి బాధిస్తారని ఎవరో చెప్పారు. ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటానని పాప రోజు మార్చి రోజు పస్తుంటోంది. మిట్టమధ్యాహ్నం నీళ్ళు తీసుకోకుండా స్వర్ణముఖి ఇసుకలో నడిచి వస్తోంది. మొన్న అలా వచ్చి కళ్ళు తిరిగి అరుగు మీద కూలబడింది. పైగా పది రోజులుగా జలుబు, ఎడమ చెవిలో పోటు. చెబితే శిక్షణ ఆపేస్తారని, ఎవరికీ చెప్పొద్దమ్మా అంటోంది. మేము మాంసం తినం. దేశం పనికి మనం అడ్డు రాకూడదంటారు వాళ్ళ నాయన. నేనేం చేయాలి?"

అమ్మా, దేశం పనికి మీరు అడ్డు రానక్కర లేదు. అయితే ఎండలో నీళ్ళు లేని ఆ నడకకు మాత్రం ఈ రోజే అడ్డు పడండి. చెవిపోటు సంగతి ఈ వారంలోనే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. తిరిగి వెళ్ళగానే తన దళం డాక్టరుకు కూడా అమ్మాయినే చెప్పమనండి. ఈ రెండూ ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే, అసలు ఆ శిక్షణ దేనికో ముందు తెలుసుకోవాలి.

ఈ శిక్షణ దేనికి?

విమానం నడిపేవాడు ఎక్కడ దిగుతాడో ఎప్పుడూ తన చేతిలో ఉండదు. 1965 మార్చిలో బెల్యాయెవ్, లియొనోవ్ అనే ఇద్దరు సోవియట్ వ్యోమగాములు రోదసి నుంచి తిరిగి వస్తూ, అనుకున్న చోటు తప్పి మంచుతో నిండిన దట్టమైన అడవిలో దిగారు. హెలికాప్టర్ దిగడానికి చోటు లేదు. రెండు రాత్రులు అడవిలోనే గడిపి, మంచు మీద స్కీలతో నడిచి బయటపడ్డారు. అంతరిక్షంలోకి వెళ్ళి వచ్చిన మనిషికి కూడా చివరికి పనికివచ్చినవి నిప్పు, పొడి బట్ట, ఓర్పు.

మన గగన్‌యాన్ కోసం ఎంపికైన నలుగురూ వైమానిక దళ పైలట్లే. 2020లో రష్యాలో శిక్షణ పొందినప్పుడు వారికి చలికాలపు అడవిలో, చిత్తడి నేలలో, నీటి మీద, ఎండాకాలపు గడ్డి మైదానంలో దిగితే ఏం చేయాలో విడివిడిగా నేర్పారు. ఆ వాహనం బయలుదేరవలసింది మీకు దగ్గరలోని శ్రీహరికోట నుంచే. 2023 అక్టోబర్ 21న అక్కడ జరిగిన పరీక్షలో, మనుషులు లేని గది ఒకటి పారాచూట్లతో బంగాళాఖాతంలో దిగింది. దాన్ని నౌకాదళం వారు వెలికితీశారు. దిగడం ఎంత ముఖ్యమో, దిగాక దొరకడం అంత ముఖ్యం.

యుద్ధంలో జరిగినది కూడా చెప్పుకోవాలి. 1999 మే 27న కార్గిల్ యుద్ధంలో కంభంపాటి నచికేత నడుపుతున్న మిగ్-27 ఇంజన్ ఆగిపోయింది. ఇంటిపేరు చూస్తేనే తెలుగువారని తెలుస్తుంది. ఆయన సీటుతో సహా పైకి ఎగిరి బయటపడ్డారు. కాని పాకిస్థాన్ సైన్యానికి చిక్కారు. ఎనిమిది రోజుల తరువాత రెడ్ క్రాస్ ద్వారా విడుదల అయ్యారు. బయటపడినప్పుడు వెన్నుకు తగిలిన దెబ్బ కారణంగా తరువాత యుద్ధ విమానాలు వదిలి, రవాణా విభాగంలో పెద్ద విమానాలు నడిపారు. విమానం నుంచి బయటపడినంత మాత్రాన ప్రమాదం తీరిపోదు. ఆ తరువాతి గంటలకు, రోజులకు మనిషిని సిద్ధం చేసేదే ఈ శిక్షణ.

మన వైమానిక దళానికి ఇందుకోసం అడవి, మంచు శిక్షణ పాఠశాల ఉంది. నౌకాదళానికి కొచ్చిలో నీటి ప్రమాదాల శిక్షణ కేంద్రం ఉంది. పైలట్ల శరీరాన్ని గురించి పరిశోధించి నేర్పే సంస్థ 1957 నుంచి బెంగుళూరులో పనిచేస్తోంది. అంటే మీ అమ్మాయిని తీసుకుపోయి అడవిలో వదిలేయరు. పక్కన నేర్పేవారు ఉంటారు, డాక్టర్లు ఉంటారు.

ప్రాణం తీసేవాటికి ఒక వరుస ఉంది

శిక్షణలో మొదట నేర్పేది పాములు పట్టడం కాదు, ఒక వరుస. గుర్తుకోసం దాన్ని మూడు లెక్కన చెబుతారు. గాలి లేకపోతే మూడు నిమిషాలు. తీవ్రమైన చలిలోనో ఎండలోనో చాటు లేకపోతే మూడు గంటలు. నీరు లేకపోతే మూడు రోజులు. అన్నం లేకపోతే మూడు వారాలు. ఇవి కొలిచి చెప్పిన లెక్కలు కావు. మండుటెండలో నీరు లేకపోతే ఒక్క రోజే చాలు. కాని వరుస మాత్రం నిజం.

ఈ వరుసలో ఆకలి ఎక్కడ ఉందో చూడండి. అన్నిటికన్నా చివర! అందుకే నేల మీద దిగిన పైలట్ మొదట రక్తం కారుతుంటే ఆపాలి, తరువాత చాటు చూసుకోవాలి, తరువాత తానున్న చోటు తెలిసేలా గుర్తు పెట్టాలి, తరువాత నీరు వెతకాలి. తిండి సంగతి ఆ తరువాత. మన ఇళ్ళలో ఈ వరుస తలకిందులు. పిల్ల దూరం వెళుతుందంటే మనం అడిగే మొదటి మాట "అన్నం ఎట్లా?" అని. తల్లి మనసుకు అది సహజమే. శరీరం లెక్క మాత్రం వేరు.

దాహానికి అలవాటు పడడం అనేది లేదు

మీ అమ్మాయి చేస్తున్న పొరపాటు పూర్వం సైన్యాలు కూడా చేశాయి. సైనికులకు నీళ్ళు తక్కువ ఇచ్చి నడిపిస్తే, ఒంటెల్లాగా తక్కువ నీటితో బతకడం నేర్చుకుంటారని అనుకున్నారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో అడాల్ఫ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఎడారిలో సైనికులను పరీక్షించి, 1947లో ఆ ఫలితాలను పుస్తకంగా ప్రకటించారు. తక్కువ నీటితో పనిచేయడం మనిషి శరీరం నేర్చుకోదని అందులో తేలింది. నీరు తగ్గితే పని తగ్గుతుంది, తెలివి తగ్గుతుంది, ఒంటి వేడి పెరుగుతుంది. సీసాలో దాచుకున్న నీటికన్నా కడుపులో ఉన్న నీరే మనిషిని కాపాడుతుంది.

ఎండలో గట్టిగా నడిస్తే గంటకు లీటరు చెమట పోవచ్చు, అంతకన్నా ఎక్కువైనా పోవచ్చు. ఆ నీరు తిరిగి అందకపోతే చెమట తగ్గి, ఒంటి వేడి 40 డిగ్రీలు దాటిపోతుంది. మాట తడబడుతుంది, మనిషి తికమక పడతాడు, స్పృహ తప్పుతాడు. అదే వడదెబ్బ. అది ప్రాణాంతకం. మొన్న అరుగు మీద కూలబడడం దానికి ముందు మెట్టు.

అలాంటప్పుడు చేయవలసింది గుర్తుంచుకోండి. నీడకు చేర్చండి. బట్టలు వదులు చేసి ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసరండి. తెలివి ఉంటే కొద్దికొద్దిగా నీళ్ళు ఇవ్వండి. తెలివి లేనివారి నోట్లో చుక్క కూడా పోయవద్దు. 108కి ఫోన్ చేయండి, వారు వచ్చేదాకా తడపడం ఆపవద్దు.

అయితే వేడికి అలవాటు పడడం మాత్రం ఉంది. రోజూ కొంచెం కొంచెంగా సమయం పెంచుకుంటూ, కావలసినన్ని నీళ్ళు తాగుతూ వేడిలో పనిచేస్తే, పది పద్నాలుగు రోజులలో శరీరం త్వరగా చెమట పట్టించడం, చెమటలో ఉప్పు తక్కువ పోనివ్వడం నేర్చుకుంటుంది. మీ అమ్మాయి నడవాలనుకుంటే ఉదయం ఏడు గంటల లోపలో, సాయంత్రం ఎండ తగ్గాకో, చేతిలో నీళ్ళతో, తోడుతో నడవమనండి. మూత్రం లేత పసుపుగా ఉంటే నీరు సరిపోతున్నట్టు. ముదురు రంగులో కొద్దిగా వస్తుంటే చాలనట్టు. అలాగని ఒక్కసారిగా కడవెడు నీళ్ళు తాగడమూ మంచిది కాదు. రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, చివరకు మూర్ఛ కూడా రావచ్చు. ఎక్కువ చెమట పట్టిన రోజు ఉప్పు వేసిన మజ్జిగ తాగడం మన పెద్దలు నేర్పిన మంచి పద్ధతి.

ఇంకో మాట. స్వర్ణముఖి ఎండినప్పుడు ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు తోడుకోవడం మీ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. అడవి శిక్షణలో నేర్పే నీటి పాఠాలలో అదీ ఒకటి. మీ అమ్మాయికి సగం పాఠం పుట్టిన ఊరే నేర్పింది. మిగతా సగం, ఆ నీటిని కాచి తాగడం. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, బాగా ఎత్తైన కొండల మీద మూడు నిమిషాలు కాస్తే చాలు. కాయడానికి వీలులేని చోట క్లోరిన్ బిళ్ళలు వాడతారు. ఇక సముద్రంలో ఉంటే సముద్రపు నీరు తాగకూడదు. అందులో నూటికి మూడున్నర పాళ్ళు ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పును బయటికి పంపడానికి మూత్రపిండాలు, తాగిన నీటికన్నా ఎక్కువ నీటిని ఒంట్లోంచి తీసి ఖర్చు పెడతాయి.

ఆకలి సంగతి

ఏకాదశి ఉపవాసం ఉండేవారికి ఈ అనుభవం కొంత తెలుసు. మొదటి రోజు కాలేయంలో దాచిన చక్కెర ఖర్చవుతుంది. కడుపు కాలుతుంది, తల నొస్తుంది, చిరాకు వస్తుంది. ఆ తరువాత శరీరం కొవ్వును కరిగించి వాడుకుంటుంది. రెండవ రోజుకో, మూడవ రోజుకో ఆకలి బాధ చాలామందికి తగ్గుతుంది. నీరసం మిగులుతుంది. ఆరోగ్యవంతురాలికి నీరు అందుతున్నంత కాలం రెండు మూడు రోజుల పస్తు ప్రాణం మీదికి రాదు.

మరైతే ఇంట్లో పస్తులుండి అలవాటు చేసుకుంటే తప్పేమిటి అంటారా? లాభం లేదు, నష్టం ఉంది. రోజు మార్చి రోజు పస్తుంటే కండ తగ్గుతుంది, నిల్వ కొవ్వు తగ్గుతుంది. శిక్షణకు వెళ్ళేనాటికి మనిషి నీరసించి ఉంటుంది. బ్యాంకులో డబ్బు వేసుకోవలసిన రోజులలో తీసి ఖర్చు పెట్టినట్టు అవుతుంది. ఇప్పుడు చేయవలసింది రెండు పూటలా కడుపునిండా తినడం. మీ ఇంట్లో ఉన్నవే చాలు. రాగి సంగటి, పప్పు, ఆకుకూర, చెనక్కాయలు, పెరుగు. రాత్రి ఎనిమిది గంటల నిద్ర. వీటికి మించిన ముందస్తు శిక్షణ లేదు.

నిద్ర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇలాంటి శిక్షణలలో మనిషిని ఎక్కువగా లొంగదీసేది ఆకలి కాదు, నిద్రలేమి. ఒక రోజంతా నిద్ర లేనివాడు మద్యం తాగినవాడిలా తప్పులు చేస్తాడు. పైగా తాను బాగానే ఉన్నాననుకుంటాడు. రెండు మూడు రోజులైతే లేనివి కనబడవచ్చు. అది పిచ్చి కాదు. నిద్రపోతే పోతుంది. ముందే తెలిసి ఉంటే భయం ఉండదు.

పాములు, ఆకులు, మీ శాకాహారం

అడవిలో దేన్ని తినవచ్చో చూపించే పాఠం ఉంటుంది. దాన్ని ప్రాణం మీదికి వచ్చిన రోజుకు జ్ఞానంగా తీసుకోవాలి. తిండి చివరి అక్కర అని పైన చూశాం కాబట్టి, కొద్ది రోజుల శిక్షణలో శాకాహారికి శరీరపరంగా వచ్చే ముప్పు లేదు. ఏం తినాలో, మానాలో అమ్మాయి పెద్దది, తానే నిర్ణయించుకుంటుంది. మీరు ఒట్లు వేయించుకోకండి.

నిజమైన ముప్పు మాంసంలో కన్నా తెలియని ఆకులలో, గింజలలో, పుట్టగొడుగులలో ఉంది. కోతి తిన్నది, పక్షి తిన్నది మనిషి తినవచ్చనేది అపోహ. గన్నేరు, ఉమ్మెత్త, గురిగింజ మన దొడ్ల వెంట, కంచెల వెంట కనబడేవే, అన్నీ విషాలే. తెలియనిదాన్ని తిని విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది. అప్పుడు ఆకలికన్నా ముందు దాహం చంపుతుంది.

పాము కాటుకు కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, ఉంగరాలు కడియాలు తీసేసి, విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఏది కరిచినా ఇదే మాట. ఇది పైలట్లకే కాదు, పొలాలకు వెళ్ళే ప్రతి ఇంటికీ వర్తిస్తుంది.

మంచులో

ఏర్పేడు ఎండలో పెరిగినవారికి చలి కొత్త శత్రువు. ఒంటి వేడి 35 డిగ్రీలకు తగ్గితే ప్రమాదం మొదలవుతుంది. మొదట వణుకు, తరువాత మాట ముద్దగా రావడం, చేతులు పట్టు తప్పడం. వణుకు ఆగిపోయి, మనిషి ఇంకా వెచ్చబడకపోతే అది మేలు కాదు, కీడు. చలిలో చంపేవి మూడు: తడి, గాలి, అలసట. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. కనుక చెమటతోనైనా సరే లోపలి బట్టలు తడవనివ్వకూడదని నేర్పుతారు. మద్యం వెచ్చదనం ఇస్తుందనేది అపోహ. అది చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి, లోపలి వేడిని బయటికి పంపేస్తుంది.

వేళ్ళు తెల్లబడి మొద్దుబారితే మంచుతో రుద్దకూడదు, నిప్పు మీద కాచకూడదు. మళ్ళీ గడ్డకట్టే ప్రమాదం లేని చోటికి చేరాక, ఒంటి వేడి పాటి గోరువెచ్చని నీటిలో ఉంచాలి. రెండున్నర వేల మీటర్లు దాటిన ఎత్తులో తలనొప్పి, వాంతులు, ఆయాసం వస్తే 'ఓర్చుకుంటాను' అనకూడదు. వెంటనే చెప్పాలి; ఎక్కువైతే కిందికి దిగడమే అసలు మందు.

నీటిలో పడిన హెలికాప్టర్

హెలికాప్టర్ పైలట్లకు ఇంకో పాఠం ఉంటుంది. హెలికాప్టర్ బరువంతా పైభాగంలో ఉంటుంది. నీటిలో పడితే అది తలకిందులవుతుంది. అప్పుడు పైకేదో కిందకేదో తెలియదు. అందుకే ఒక గదిలాంటి నమూనాలో కూర్చోబెట్టి, కొలనులో ముంచి తిప్పుతారు. ఒక చేత్తో తలుపు దగ్గరి పిడిని పట్టుకుని ఉండడం, కదలిక ఆగేదాకా ఆగడం, దారి దొరికాకే బెల్టు విప్పడం నేర్పుతారు. మొదటిసారి అందరికీ భయం వేస్తుంది. ముక్కులోకి నీరు పోతుంది. గజ ఈతగాళ్ళు దగ్గరే ఉంటారు. రెండు మూడుసార్లయ్యాక శరీరం తనంతట తాను ఆ వరుస చేసేస్తుంది.

చెరలో ఉన్నట్టు శిక్షణ

కొరియా యుద్ధంలో చిక్కిన సైనికుల అనుభవం తరువాత అమెరికా 1955లో తన సైనికులకు ఒక నియమావళి ఏర్పరచింది. చెరలో ఎలా నిలబడాలో అప్పటినుంచి అనేక సైన్యాలు నేర్పుతున్నాయి. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం, చిక్కిన సైనికుడు చెప్పవలసినది పేరు, హోదా, పుట్టిన తేదీ, సైనిక సంఖ్య మాత్రమే. ఈ పాఠం ఎక్కడ ఎలా చెబుతారో బయటపెట్టరు. మీరూ అడగకండి, అమ్మాయి చెప్పలేనిది చెప్పమని ఇబ్బంది పెట్టకండి.

వైద్యపరంగా తెలిసింది మాత్రం చెబుతాను. అమెరికాలో అలాంటి శిక్షణ పొందుతున్న సైనికులను చార్లెస్ మోర్గన్ అనే మనోవైద్యుని బృందం పరీక్షించింది. నటన అని తెలిసి కూడా వారి రక్తంలో ఒత్తిడి హార్మోన్లు విపరీతంగా పెరిగాయి. తమను ఎదురుగా కూర్చుని ప్రశ్నించిన మనిషి ముఖాన్ని కూడా మరునాడు చాలామంది సరిగా గుర్తుపట్టలేకపోయారు. ఇది పిరికితనం కాదు, శరీర ధర్మం. గుండె దడ, చెమట, మాట పెగలకపోవడం ఎంత ధైర్యశాలికైనా వస్తాయి. ఒకసారి అనుభవించినవారికి రెండోసారి అవి కొత్త కావు. శిక్షణ ఇచ్చే మేలు అదే.

దాచడం అన్నిటికన్నా ప్రమాదం

ఇప్పుడు చెవి సంగతి. ముక్కు వెనుకనుంచి చెవి లోపలికి ఒక సన్నని గొట్టం ఉంటుంది. విమానం ఎక్కి దిగేటప్పుడు, నీటిలో మునిగేటప్పుడు చెవి లోపలి ఒత్తిడిని సరిచేసేది అదే. జలుబు చేస్తే అది మూసుకుపోతుంది. ఆ స్థితిలో మునిగితే కర్ణభేరికి చిల్లు పడవచ్చు. నీటి లోపల తల తిరిగి, దారి తప్పవచ్చు. నలుగురూ కలిసి చేసే పనిలో ఒకరికి తల తిరిగితే మిగతావారి ప్రాణాలూ ప్రమాదంలో పడతాయి. షాపులో దొరికే జలుబు మాత్రలు సొంతంగా మింగించకండి. వాటిలో చాలా మాత్రలు నిద్రమత్తు తెస్తాయి. పైలట్లు దళం డాక్టరు అనుమతి లేకుండా వాడకూడదు.

"చెబితే ఆపేస్తారు" అంటోంది. ఆపవచ్చు. జలుబుకు, చెవిపోటుకు ఆపితే సాధారణంగా తగ్గేదాకా ఆపుతారు. చిల్లు పడ్డ కర్ణభేరికి ఆపితే నెలలు పడుతుంది. దాచి పెడితే అసలుకే మోసం. ఇది ఆమెకు కోపం తెప్పించినా సరే, వాళ్ళ నాయన చేత చెప్పించండి. ఒంట్లో ఉన్నది ఉన్నట్టు చెప్పడం కూడా క్రమశిక్షణే. మొన్న ఎండలో కళ్ళు తిరిగిన సంగతి కూడా చెప్పాలి. ఒకసారి వేడికి దెబ్బతిన్నవారు మళ్ళీ దెబ్బతినే అవకాశం ఎక్కువ.

ఆడపిల్లల విషయంలో

ఉత్తరంలో మీరు అడగడానికి సంకోచించినది నేనే చెబుతాను. 2016లో దుండిగల్ నుంచే ముగ్గురు అమ్మాయిలు మన దేశపు తొలి మహిళా యుద్ధ విమాన పైలట్లుగా వచ్చారు. ఈ దారి మీ అమ్మాయితో మొదలైంది కాదు. నెలసరి శిక్షణకు అడ్డు కాదు. కావలసిన బట్ట, ప్యాడ్లు తడవని సంచిలో పెట్టుకోవాలి. తేదీ మార్చుకోవాలంటే ముందుగానే లేడీ డాక్టరును అడగాలి; ఎవరో చెప్పిన మాత్ర మింగకూడదు. తిండి తగ్గి శ్రమ పెరిగినప్పుడు ఒక నెల తప్పవచ్చు. మూడు నెలలైనా రాకపోతే చూపించాలి. హీమోగ్లోబిన్ పరీక్ష ఇప్పుడే చేయించండి. 12 కన్నా తక్కువ ఉంటే రక్తం తక్కువన్నమాట. ఐరన్ మాత్రలు గుణం చూపడానికి వారాలు పడుతుంది కనుక ఆలస్యం వద్దు.

తిరిగి వచ్చాక

మూడు నాలుగు కిలోలు తగ్గి రావచ్చు. కొంత నీరే, త్వరగానే తిరిగి వస్తుంది. చూసిన వెంటనే కన్నీళ్ళు పెట్టుకోకండి, పండుగ భోజనమూ వడ్డించకండి. మొదటి రోజు రాగి జావ, మజ్జిగన్నం, పప్పు కట్టు, అరటిపండు కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు ఇవ్వండి. ఎవరైనా అయిదారు రోజులకు మించి దాదాపు ఏమీ తినకుండా ఉంటే, వారికి తిండి మొదలు పెట్టడం డాక్టరు చూస్తుండగానే జరగాలి. ఒక్కసారిగా తింటే రక్తంలోని లవణాలు పడిపోయి గుండెకు ప్రమాదం.

పాదాలు చూడండి. తడి బూట్లలో నానిన చర్మం తెల్లగా ముడతలు పడి, తిమ్మిరి ఉంటే కడిగి ఆరబెట్టి, డాక్టరుకు చూపండి. అడవినుంచి వచ్చిన కొన్ని వారాలలో జ్వరం వస్తే, అడవికి వెళ్ళి వచ్చిన సంగతి డాక్టరుకు మొదటే చెప్పాలి. మలేరియా కావచ్చు. చిన్న పురుగు కుట్టి నల్లటి పెచ్చు కట్టిన మచ్చతో వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు. రెండింటికీ మందులున్నాయి, ఆలస్యమే ప్రమాదం. ఒక రకం మలేరియా నెలల తరువాత కూడా రావచ్చు.

రెండు వారాల పాటు ఉలికిపాటు, పీడకలలు, ఒంటరిగా ఉండాలనిపించడం ఉండవచ్చు. ప్రశ్నలతో వేధించక నిద్రపోనివ్వండి. నెల దాటినా తగ్గకపోతే మనోవైద్యుని దగ్గరికి వెళ్ళడంలో సిగ్గుపడవలసింది లేదు.

మిగతా పాఠకులకు

మా ఇంట్లో పైలట్లు లేరు, మాకెందుకిది అనకండి. 2009 సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టర్ నల్లమలలో కూలిపోయింది. అందులోని అయిదుగురూ మరణించారు. అంత యంత్రాంగం వెతికినా, ఆ చోటు తెలియడానికి మరునాటి ఉదయం దాకా పట్టింది. మన అడవులు అంత దట్టమైనవి. తలకోనకో, శేషాచలం కొండలకో వెళ్ళేవారు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి: ఎక్కడికి వెళుతున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి.

రెండు: దారి తప్పితే పరుగెత్తవద్దు. కూర్చోండి, నీళ్ళు తాగండి, ఉన్నచోటే ఉండండి. తిరిగేవారికన్నా కదలనివారు త్వరగా దొరుకుతారు.

మూడు: ఫోన్ పనిచేస్తే 112కు చెప్పండి. పనిచేయకపోతే మూడేసి సార్లు ఈల వేయండి. అద్దం ముక్కతో ఎండను మెరిపించండి. మూడు అనేది ఆపదకు చాలా చోట్ల గుర్తు.

నాలుగు: నీళ్ళు ఉండగా పొదుపు చేసి కూలబడవద్దు. పొదుపు చేయవలసింది చెమటను. పగలు నీడలో ఉండండి, చల్లబడ్డాక కదలండి.

ఇంటి పట్టున ఉండేవారికి ఒక చిట్కా. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపితే విరేచనాలకు, ఎండ నీరసానికి పనికివచ్చే నీళ్ళు తయారవుతాయి. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలు బదులు కీడు.

ఏర్పేడు అమ్మకు చివరి మాట. మీ అమ్మాయికి ధైర్యం కొత్తగా నేర్పనక్కర లేదు, అది పుష్కలంగా ఉంది. ఈ సెలవులో ఆమెకు కావలసినవి కడుపునిండా అన్నం, కంటినిండా నిద్ర, మానిన చెవి. ఈ మూడూ ఇచ్చి పంపండి. మిగతాది నేర్పడానికి అక్కడ మనుషులున్నారు.